వేలు ఆగిన వరుస

ఆ రోజుల్లో అని మొదలుపెట్టాలంటే వెనక కనీసం పాతికేళ్ళయినా ఉండాలంటారు. నాకు మూడేళ్ళే ఉన్నాయి. అయినా ఆ మాటే వాడుకుంటాను, ఎందుకంటే అప్పటికి మనిషిగా నా వయసు నలభై ఆరైనా, అక్షరాల్లో నాది రెండేళ్ళ పసితనం. ఆ వయసు పిల్లలు చేసేవన్నీ చేశాను. కనబడిన తెలుగు ముక్కనల్లా పైకి చదివాను, మేముండే లేబర్ క్యాంపు గోడ మీద నా పేరు రాసి తిట్లు తిన్నాను, నాకు చదువొచ్చని అడగని వాళ్ళకు కూడా చెప్పాను.

దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీలో నాది మడతపెట్టే పని. కరోనాకు హోటళ్ళు మూతపడి దుప్పట్లు రాని నెలల్లో, గదిలో నా పై మంచం మీద ఉండే నెల్లూరు ఆపా (ఆపా అంటే అక్క. నాకన్నా పదేళ్ళు చిన్నదే, అయినా గది మొత్తానికీ ఆపానే) నాకు అట్టపెట్టెల మీద అక్షరాలు దిద్దించింది. హోటళ్ళు తెరిచాక పాఠం శుక్రవారానికి మారింది. వారంలో మాకున్న సెలవు అదొక్కటే. ఆ రోజు తలకు నూనె, మధ్యాహ్నం నిద్ర, ఆ రెంటి మధ్య నా గుణింతాలు. "చదవకుండా దేని మీదా సంతకం పెట్టబాకక్కా" అన్నది ఆపా నాకు చెప్పిన మొదటి పాఠం. అప్పటికి నాకు సంతకమే రాదు కనుక దాన్ని పాటించడం చాలా తేలికయింది.

ఆ ఏడు అక్కడి పనివాళ్ళ చట్టం మారింది, అందరూ కొత్త ఒప్పంద కాగితాలు చేసుకోవాలన్నారు. ఒక ఉదయం షిఫ్టుకు ముందు నలభై మంది ఆడవాళ్ళం ఆఫీసులో వరుస కట్టాం. బల్ల మీద కాగితాలు, ఇంకు డబ్బా, బల్ల వెనక ముదీర్. (మేనేజరును అక్కడ అలాగే అంటారు.) మా ముదీర్ హైదరాబాదాయనే. తెలుగు చక్కగా వచ్చు, కానీ కోపం వచ్చినప్పుడు మాత్రమే వాడేవాడు. మిగతా వేళల్లో హిందీ. ఆయన 'యల్లా' (కానీయ్) అనడం, ఒకామె వేలిముద్ర వేసి కదలడం, ఇలా పదకొండు మంది అయ్యారు. పన్నెండో మనిషిని నేను. ఇంకు డబ్బా నా వైపు జరిపాడు.

"నాకు సంతకం వస్తది సార్," అన్నాను. (అంతటితో ఊరుకుని ఉండాల్సింది.)

"అచ్ఛా, సైన్ కరో."

"సదవకుంట పెట్టను సార్."

వరుసంతా వినాలని కాస్త గట్టిగానే అన్నాను. ముదీర్ నాకు కుర్చీ వేయించాడు. కాగితం చేతిలో పెట్టి "పఢో" అన్నాడు. చూస్తే ఒక సగం అరబ్బీ, ఒక సగం ఇంగ్లీషు. నాకు వచ్చింది తెలుగు, అది కూడా ఒత్తులు మరీ ఎక్కువ లేకపోతే.

లేచి వచ్చేద్దును. కానీ వరుసలో నా వెనక ఆపా ఉంది, నా చదువు ఆమె చేతి పని. అందుకని చదివేవాళ్ళు ఎలా చదువుతారో అలా మొదలుపెట్టాను. వరుస కింద వేలు పెట్టి, ఒక్కో వరుసకు ఒక దుప్పటి మడతపెట్టేంత సమయం ఇచ్చి, మెల్లగా కిందికి దిగుతున్నాను. (అరబ్బీని కుడి నుంచి ఎడమకు చదవాలట. ఆ సగం మొత్తం నేను వెనక నుంచి చదివాను.) ఇంగ్లీషు సగం మధ్యలోకి వచ్చేసరికి ముక్కు దురద పెట్టింది. కుడిచేతి వేలు అక్కడే ఉంచి, ఎడమ చేత్తో తీరిగ్గా గోక్కున్నాను. వేలు తీస్తే ఎక్కడిదాకా చదివానో మరిచిపోతానని నా భయం.

ముదీర్ ముందుకు వంగాడు. "అక్కడేం లేదమ్మా," అన్నాడు తెలుగులో. కోపం లేకుండా ఆయన తెలుగు వినడం నాకదే మొదలు. వేలు తీయకుండా తలెత్తి ఆయన మొహంలోకి చూశాను.

"గట్ల సూడకు. సెలవు తీసేస్తమని కాదు. పని ఎక్కువుంటే సెలవు రోజు గూడ రావాలె, అంతే."

"ఏందీ, శుక్రారం పోతదా?" అంది వెనక నుంచి, మా గదిలోనే ఉండే జగిత్యాల వదిన. "అందుల గట్లున్నదా అక్కా?"

ఉందో లేదో నాకేం తెలుసు. "ఇంక సదువుతున్న," అని వేలు ఒక వరుస కిందికి దించాను.

"కిందిది గూడ దాందే," అన్నాడు ముదీర్ నుదురు తుడుచుకుంటూ. "బదులు ఇంకో రోజు సెలవు ఇచ్చేది లేదని. హోటలోళ్ళ తొందర, నా చేతుల ఏమున్నది?"

శుక్రవారం పోతే నూనె పోతుంది, నిద్ర పోతుంది, నా ఒత్తులు ఈ జన్మకు రావు. "శుక్రారం లేకుంటే నేను పెట్టను సార్," అన్నాను. ఈసారి వరుస వినాలని అనలేదు.

ముదీర్ నా వెనకామెను చూసి "యల్లా" అన్నాడు. వరుస కదల్లేదు. మళ్ళీ అన్నాడు. మళ్ళీ కదల్లేదు. చివరికి పెన్ను తీసి రెండు వరుసలు కొట్టేసి "ఖలాస్" అన్నాడు.

కొట్టేసినవి ఆ రెండేనా కాదా? ఆపాను పిలిచాను. ఆపాకు ఖురాన్ చదివిన అలవాటుంది, అరబ్బీ అక్షరాలు వచ్చు, అర్థం తెలియదు. ఆ సగాన్ని ఆమె పైకి, స్పష్టంగా, ఆగకుండా చదివింది. అర్థం తెలియని ఆమె, అక్షరాలే తెలియని నేను, ఇద్దరం కలిసి ముదీర్ వైపు చూశాం. ఆయన అరబ్బీ వైపు కూడా రెండు వరుసలు కొట్టేశాడు.

మూడో రోజు అందరికీ, ముందు వేలిముద్ర వేసిన పదకొండు మందికి కూడా, కొత్త కాగితాలు వచ్చాయి. వేలితో కొలిచాను. రెండు వరుసలు తక్కువున్నాయి. అప్పుడు పెట్టాను సంతకం. "సంతకం పెడుతున్నవా అక్కా, ముగ్గేస్తున్నవా?" అంది జగిత్యాల వదిన, వెనక నిలబడి కాళ్ళు నొప్పి పుట్టి.

శుక్రవారాలు మిగిలాయి కనుక ఒత్తులు వచ్చాయి, తర్వాత ఇంగ్లీషు కూడా కూడబలుక్కునేంత వచ్చింది. మొన్న ఇంకో కాగితం ఇచ్చారు. నిజంగానే చదివాను, మొదటి నుంచి చివరిదాకా. సగం అర్థమైంది. ముదీర్ టీ తాగుతూ ఫోను చూసుకుంటున్నాడు. నిజంగా చదివే మనిషిని చూసి ఎవరికీ కంగారు పుట్టదని అప్పుడు తెలిసింది. కాగితంలో ఒక్క అక్షరం రాకుండా ఆ కుర్చీలో కూర్చున్న ఆమె మీద, అంటే ఆనాటి నా మీద, కొంచెం బెంగ కలిగింది. ఆమె ఉంటే ఏం చేసేదో గుర్తు చేసుకుని, వేలు కాగితం మధ్యలో ఒక వరుస మీద పెట్టి, దుప్పటి మడతపెట్టేంతసేపు ఆగాను.

ముదీర్ ఫోను కింద పెట్టాడు.