ఒక్క దిక్కే ఒరిగిన గ్లాసు

ఇప్పటికీ కలలో ఆ చాయ్ ఒలుకుతూనే ఉంటుంది. శబ్దం ఉండదు. పొద్దుటి ఎండ, ఆ ఎండలో తేలే సన్నటి దుమ్ము, మామ చేతిలో గాజు గ్లాసు నెమ్మదిగా ఒక పక్కకు ఒరుగుతూ ఉంటుంది. నేనేమో ఎదురుగా ఫోన్ పట్టుకొని నిలబడి ఉంటాను. గ్లాసు అందుకోవాలని కలలో కూడా తోచదు.

నేను పుట్టి పెరిగింది పట్నంలో. ఆదిభట్లలో ఉద్యోగం దొరికాక, దగ్గరవుతుందని ఇబ్రహీంపట్నంలో మా మేనమామ ఇంట్లో దిగాను. మామ తాపీమేస్త్రీ. మన్నెగూడ వైపు ప్లాట్లలో లేచిన ఇళ్ళలో సగం ఆయన చేతి గోడలే అంటుంది అత్త. సాయంత్రం పని నుంచి రాగానే స్నానం చేసి, అరుగు మీద కూర్చొని క్వార్టర్ సీసా మూత తిప్పేవాడు. ముందుగా మూడు చుక్కలు నేల మీద వదిలేవాడు. ఒకటి పోయిన తల్లికి, ఒకటి తండ్రికి, ఒకటి అన్నకు. ఆ తర్వాతే తను. ముప్పై ఏళ్ళుగా రోజూ అంతే, ఒక్క క్వార్టర్. ఎన్నడూ తూలలేదు, ఎవర్నీ ఒక మాట అనలేదు. అందుకే ఆయన్ని ఎవరూ తాగుబోతు అనుకోలేదు.

"ఒళ్ళు నొప్పులకు మందులెక్క తాగుతడు," అనేది అత్త కొంచెం గర్వంగానే.

నిజం చెప్పాలంటే నాకూ ఆ వేళ ఇష్టంగా ఉండేది. ఎండ మెత్తబడేది, అత్త వాకిట్లో నీళ్ళు చల్లితే తడిసిన మట్టి వాసన వచ్చేది. ఫోన్‌లో ఏదో చూస్తూ మామ పక్కనే కూర్చునేదాన్ని.

ఒక ఆదివారం మా కాలనీలో బీపీ పరీక్షలు పెట్టారు. నర్సు మామ చేతికి పట్టీ చుట్టి ఒకసారి చూసింది, నమ్మకం కుదరక మళ్ళీ చూసింది. రోజూ క్వార్టర్ తాగుతాడని నేనే చెప్పాను.

"పెద్దాయనా, గింత బీపీ పెట్టుకొని రోజూ తాగుతున్నవా? కాలు చెయ్యి పడిపోతయ్."

మామ నవ్వాడు. ఆ నవ్వుకు నాకు ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి సీసా మోరీలో ఒంపేశాను.

"నా నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు మామా, ఇగ తాగనని."

"గింత కోపం ఏడికెల్లొచ్చింది బిడ్డా? మీ అమ్మను మించినవ్."

"ముచ్చట మార్చకు. పెట్టు."

పెట్టాడు. సిమెంటుకు గరుకెక్కిన అరచేయి, జుట్టుకు పట్టుకుంది.

మర్నాటి సాయంత్రం అదే అరుగు మీద, అదే గ్లాసులో మంచినీళ్ళు పోసుకొని కూర్చున్నాడు. మూడు చుక్కలు వదిలాడు.

"పోయినోళ్ళతోని గూడ మాన్పించినవా ఏంది?" అంది అత్త.

"జర్రంత అలవాటైతే ఆళ్ళే ఊకుంటరు తియ్యే."

పదకొండు రోజులు అలా గడిచాయి. పదకొండో రోజు ఆయన పని చేస్తున్న ఇంటికి స్లాబు పడింది. స్లాబు పడిన రోజు ఇంటివాళ్ళు మేస్త్రీలకు దావత్ ఇస్తారు. మటన్, మందు తప్పవు. మామ చీకటిపడ్డాక వచ్చి నేరుగా పడుకున్నాడు. నాకు అనుమానం మొదలైంది.

పొద్దున్నే అరుగు మీద చాయ్ తాగుతున్నాడు. ఏదో అన్నాడు. మాట ముద్దముద్దగా ఉంది. గ్లాసు ఒరిగి చాయ్ లుంగీ మీద పడుతోంది, ఆయనకు తెలియడం లేదు. నేను ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాను.

"దావత్ల గట్టిగనే కొట్టినవ్ గద! నా నెత్తి మీద పెట్టిన ఒట్టేమైంది? సిగ్గు లేదా మామా?"

"పొద్దుగాల లొల్లి చెయ్యకు," అంది అత్త. "మజ్జిగ తాపి పండవెడ్త. దిగుతది."

వీడియోను మా చుట్టాల గ్రూపులో పెట్టాను. పైన ఒక వెటకారం కూడా రాశాను. వరసగా నవ్వే బొమ్మలు వచ్చాయి. ఆ రోజు నాకు సెలవు, చెవుల్లో పాటలు పెట్టుకొని మిద్దెక్కి పడుకున్నాను.

మధ్యాహ్నం అత్త కేక పాటలోంచి కూడా వినిపించింది. కిందికి వస్తే మామ మూతి ఒక పక్కకు పోయి ఉంది. కుడి చేయి ఎవరో పక్కన పెట్టి మరిచిపోయినట్టు పడి ఉంది. పక్కింటి అవ్వ అప్పటికే వచ్చింది.

"పక్షవాతమిది. పావురం నెత్తురు రుద్దాలె. మావోనికి గట్లనే తగ్గింది."

"ఏడ దొరుకుతదవ్వా?" అని అత్త అడుగుతుంటే నేను అరిచేశాను. ఏమన్నానో గుర్తు లేదు. అంబులెన్సుకు ఫోన్ చేశాను.

పట్నం దవాఖానలో డాక్టరమ్మ అడిగింది. "ఇట్ల ఎప్పుడు మొదలైంది?"

అత్త నా వైపు చూసింది. నేను ఫోన్ ఇచ్చాను. వీడియో తీసిన సమయం ఎనిమిది పన్నెండు. డాక్టరమ్మ రెండుసార్లు చూసింది. నా అరుపులు ఆ గదంతా వినిపించాయి.

"తాగినోళ్ళు రెండు దిక్కులా తూలుతరు. ఈయన ఒక్క దిక్కే ఒరుగుతున్నడు, చూడు. మూతి గూడ అదే దిక్కు జారింది." ఫోన్ నా చేతిలో పెట్టింది. "మెదడుల నెత్తురు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు కొన్ని గంటలే టైముంటది. అది దాటింది. చెయ్యి ఎంత మళ్ళొస్తదో ఇప్పుడు చెప్పలేను."

"ముప్పై ఏండ్ల తాగుడు పదకొండు రోజుల కింద ఒక్కపారే మానేసిండు. అందుకేనా అమ్మా?" అంది అత్త.

"మానుడు మంచిదే. ముప్పై ఏండ్లు రోజూ తాగితే బీపీ పెరిగి లోపల నరాలు పాడైతయ్. పదకొండు రోజులల్ల బాగుగావు. తూలకపోతే ఏం గాలేదనుకుంటరు మీరు."

గ్రూపులోంచి వీడియో తీసేశాను. నా ఫోన్‌లోంచి తీసేయడానికి మాత్రం వేలు ఆడలేదు.

మామ ఇంటికొచ్చాడు. పొద్దూమాపూ రబ్బరు బంతి నొక్కిస్తున్నాం. వేళ్ళు తలచుకున్నప్పుడు కదులుతాయి, లేకపోతే లేదు. ఒక సాయంత్రం ఆయనతో పనిచేసే మేస్త్రీ బత్తాయిలు పట్టుకొని వచ్చాడు.

"దావత్ల అందరం బలవంతం జేసినం. గీయన నిమ్మకాయ సోడా తాగుకుంట కూసున్నడు. కోడలు కొడ్తదని ఒకటే చెప్పుడు."

నేను నేలచూపులు చూశాను. మామ ఎడమ చేత్తో నా ఫోన్ వైపు చూపించాడు.

"వద్దు మామా."

"పె...ట్టు."

పెట్టాను. మేస్త్రీ ముందు నవ్వాడు, తర్వాత నవ్వు ఆగిపోయింది. వీడియో అయిపోయాక, ఎవరూ చెప్పకుండానే తన రెండు చేతులూ ముందుకు చాపి, సమానంగా ఉన్నాయా అని చూసుకున్నాడు.

"తా...గ...లే," అన్నాడు మామ నాతో, సగం మూతితో.

"తెలుసు మామా."

ఎండ మెత్తబడింది. అత్త గ్లాసులో నీళ్ళు తెచ్చి ఎడమ చేతికి ఇవ్వబోతే తల అడ్డంగా ఊపాడు. కుడి చేతికే కావాలట. గ్లాసు ఆ వేళ్ళ మధ్య పెట్టి, కింద నా అరచేయి పట్టాను. ఆయన చేతి గరుకు ఇంకా అలాగే ఉంది. గ్లాసు ఒరిగింది. మూడు చుక్కలు కాదు, సగం గ్లాసు నేల మీద పడింది.

అత్త తడిసిన మట్టి వైపు చూసింది.

"పోయినోళ్ళందరికీ మస్తు నీళ్ళ దూపైనట్టున్నది ఇయ్యాల."