మెట్ల కింద చెప్పుల లెక్క

ముందు పోయినవి చెబుతాను. కరోనా తర్వాత మా చర్చి హాలు మళ్లీ తెరిచిన రోజు నుంచి ఒక నోటుబుక్కులో రాసుకుంటూ వచ్చాను. చనిపోయినవారు ఆరుగురు. సొంతూళ్లకు వెళ్లి అక్కడే ఉండిపోయినవారు పదకొండు మంది. ఎలుకలు కొరికిన చాపలు నాలుగు. తేమకు తోలు పాడైన డోలక్ ఒకటి. తెరిచిన మొదటి మూడు నెలల్లో మెట్ల కింద నుంచి ఎవరో ఎత్తుకుపోయిన చెప్పులు పద్నాలుగు జతలు. ఇవన్నీ కాక, బతికే ఉండి, ఇదే సికింద్రాబాద్‌లో ఉండి, రావడం మానేసినవారు నలభై ఒక్కరు. ఒకప్పుడు ఆదివారానికి నూట ముప్పై మంది వచ్చే చోట తెరిచిన రెండేళ్లకు డెబ్బై రెండు జతలే మిగిలాయి.

మనుషులు అనకుండా జతలు అనడానికి కారణం ఉంది. నేను రాంగోపాల్‌పేట్‌లో ఒక హార్డ్‌వేర్ గోడౌన్‌లో పనిచేస్తాను. పదో తరగతి తప్పాక అక్కడే లెక్కలు నేర్చుకున్నాను. బోల్టులను ఎవరూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టరు. వంద బోల్టులు తూచి, తర్వాత సంచి తూచి, ఎన్నున్నాయో చెబుతారు. చర్చిలో హాజరు రాసే పని నాకు అప్పగించినప్పుడు మొదట తలలు లెక్కపెట్టేవాణ్ణి. ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుని ఉంటే నేను వేలు చూపిస్తూ వరసల మధ్య తిరగడం మా పాస్టరుగారి భార్యకు నచ్చలేదు. "గొర్రెల మందను అమ్మకానికి పెట్టినట్టు ఏంది తమ్మీ అది" అంది. అప్పటి నుంచి మెట్ల కింద చెప్పులు లెక్కపెట్టి, చంకపిల్లలను కలిపి రాస్తూ వచ్చాను. ఆదివారం కూడా పది దాకా గోడౌన్‌లో పని ఉంటుంది కాబట్టి నేను వచ్చేసరికి పాటలు అయిపోయి ప్రసంగం షురూ అయ్యేది. మెట్ల దగ్గర నాకు ఐదు నిమిషాలు చాలు. ఏ జత ఎవరిదో కూడా నాకు తెలుసు.

మా హాలు దుకాణాల మీద మొదటి అంతస్తులో ఉంది. ఇరవై రెండు మెట్లు. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, అందులో ఇరవై మూడేళ్లుగా వాక్యం చెబుతున్నారు. ఏటా జనవరి ఒకటిన, కుటుంబానికి ఒకటి చొప్పున బైబిలు మాట రాసిన వాగ్దానం కార్డులు పంచాక, పాత కేలండరు వెనక రాసుకొచ్చిన కొత్త ప్రణాళికలు చదువుతారు. పిల్లలకు పాటల బడి, శుక్రవారం ఆడవాళ్ల ఉపవాస ప్రార్థన, హాలుకు సున్నం. నా నోటుబుక్కు ప్రకారం ఆయన ప్రణాళికల్లో మూడో వంతు నెరవేరుతాయి. సున్నం మాత్రం ఏడేళ్లుగా ప్రతి కేలండరు వెనకా ఉంది. అయినా ఆయన చదువుతుంటే ఈసారి అన్నీ అవుతాయని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది.

హాలు మళ్లీ తెరిచిన రెండేళ్లకు వచ్చిన జనవరిలో ఆయన ఒక్కటే చదివారు. దానికి ముందు డిసెంబరులో పెద్దలు కూర్చున్నారు. రైల్వేలో రిటైరైన పెద్దాయన సూటిగా చెప్పేశాడు: "అయ్యగారూ, హాలు సగం ఖాళీ. ఊకె సాగదీసుడెందుకు? ఒక ఏడు చూద్దాం. వచ్చే డిసెంబరుకు వంద మంది కాకపోతే పెద్ద చర్చిల కలిసిపోదాం."

పెద్ద చర్చికి పాస్టర్లు ముగ్గురున్నారు. మా అయ్యగారు వాళ్లకు అక్కర్లేదు. అంతకన్నా, రెండు బస్సులు మారి అంత దూరం వెళ్లలేని ముసలివాళ్లు మాలో చాలామంది. ఆ సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు. జనవరి ఒకటిన లేచి నిలబడి, "ఈ ఏడు నాకు ఒకటే ఆశ. ఎవరెవరు వస్తలేరో వాళ్ల ఇండ్లకు నేనే పోత" అన్నారు. తర్వాత నన్ను పక్కకు పిలిచారు.

"పేర్లు నీ దగ్గరున్నయా?"

"ఉన్నయ్ అయ్యగారూ. నలభై ఒకటి."

"నీ లెక్క తప్పదు" అని కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఎవరికీ చూపించలేదు. మానేసినవాళ్ల పేర్లు నలుగురి నోళ్లలో పడకూడదని ఆయన పట్టుదల.

మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు ఆయన స్కూటరు వెనక నేను. మొదటి ఎనిమిది ఇళ్లలో ఎనిమిది రకాల జవాబులు. ఒకాయనకు ఆదివారం డ్యూటీ పడింది. ఒకామెకు మోకాళ్లు. ఒకింట్లో వాళ్లు వేరే చర్చికి పోతున్నారు, చెప్పడానికి మొహమాటపడి మాకు రెండుసార్లు టీ ఇచ్చారు. అయ్యగారు ఎవరినీ ఎందుకు రావట్లేదని అడగలేదు. ఎలా ఉన్నారని అడిగి, ప్రార్థన చేసి, లేచారు. ఫిబ్రవరి నడుమకు ఎనిమిది మందిలో నలుగురు తిరిగి వచ్చారు. నా జతలు డెబ్బై ఆరయ్యాయి.

తొమ్మిదో పేరు ఒక అవ్వది. డెబ్బై దాటింది, ఒక్కతే ఉంటుంది, హాలుకు రెండు గల్లీల అవతల. నీలం పట్టీల రబ్బరు చెప్పులు, కుడిదానికి పిన్నీసు. ఆ జత రెండేళ్లుగా నాకు మెట్ల కింద కనిపించలేదు.

తలుపు తీసి మమ్మల్ని చూసి మురిసిపోయింది. చాప పరిచి, చెంగుతో దులిపింది. అయ్యగారు మంచిచెడ్డలు అడిగి, గొంతు తగ్గించి, "అవ్వా, నువ్వు లేక హాలు ఎలితిగ ఉన్నది. వీలైనప్పుడు రా" అన్నారు.

అవ్వ ఆయన వంక చూసింది, నా వంక చూసింది.

"యాడికి రావాలె?"

"చర్చికి, అవ్వా."

"మొన్న ఐతారం నువ్వు దగ్గుకుంట దగ్గుకుంట వాక్యం చెప్పినవా లేదా? గా దగ్గుకు మిరియాల పాలు తాగుమని నేను అమ్మగారికి చెప్పి పంపలేదా? నేను రాకుంటే నీ దగ్గు నాకు రేడియోల ఇనవడ్డదా?"

ఆ మిరియాల పాలు అయ్యగారు తాగారు, ఎవరు చెప్పారని భార్యను అడగలేదు. నేను జేబులోంచి నోటుబుక్కు తీశాను, ఎందుకు తీశానో తెలియదు.

"నీ చెప్పులు కనవడలే అవ్వా" అన్నాను.

"చెప్పులా? సంచిల పెట్టుకొని పైకి తీస్కపోత. ఒక జత దొంగలకిచ్చిన, ఇంకో జత ఇయ్యాల్నా?" అని, నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా అడిగింది: "అంటే నువ్వు మమ్ముల జూసి రాయవా బిడ్డా? చెప్పులను జూసి రాస్తవా?"

అయ్యగారికి నవ్వు ఆగలేదు. నవ్వుతూ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు, తుడవడం చాలాసేపు సాగింది. అవ్వ ఆడవాళ్ల వైపు స్తంభం వెనక చాప మీద కూర్చుంటుంది. పైన నిలబడే ఆయనకు స్తంభం అడ్డం. వెనక కుర్చీలో కూర్చునే నాకు ముసుగు కప్పుకున్న వీపులన్నీ ఒకటే. ముగిశాక జనం దిగేదాకా ఆగి, గోడ పట్టుకుని ఆఖరున దిగుతుంది. అప్పటికి నేను ఇంటికి వెళ్లిపోతాను.

స్కూటరు దగ్గరికి వచ్చాక ఆయన అన్నారు: "ఆమె ఆమెన్ అంటే హాలంతా ఇనవడతది. నేను ప్రతి వారం ఇన్న. నీ కాగితంల పేరు చూసి, నా చెవులే ఖరాబైనయనుకున్న."

తిట్టి ఉంటే బాగుండేది.

ఆ ఆదివారం నేను గోడౌన్‌లో చెప్పి తొమ్మిదింటికే వచ్చి, తలుపు పక్కన నిలబడి మనుషులను లెక్కపెట్టాను. కింద జతలు డెబ్బై ఆరు. పైన మనుషులు తొంభై ఇద్దరు. పదహారు మంది, ఎక్కువగా ముసుగు కప్పుకుని స్తంభం వెనక కూర్చునేవాళ్లే, చెప్పులు సంచుల్లో తెచ్చుకుంటున్నారు. బయటకు చెబితే సంఘంలోనే దొంగలున్నారని అన్నట్టవుతుందని ఎవరికి వారు దాచుకున్నారు. పక్కవాళ్ల సంచిలో కూడా చెప్పులే ఉన్నాయని ఒకరికీ తెలియదు. నలభై ఒక్కరిలో ఆ పదహారు మంది ఎక్కడికీ పోలేదు. నేనే పోగొట్టాను.

మిగిలిన ఇళ్లన్నీ ఆ ఏడాది తిరిగాం. ఆ పదహారు ఇళ్లకూ వెళ్దామని అయ్యగారే అన్నారు. "వచ్చేటోళ్ల ఇండ్లకు పోకూడదని ఏమన్న ఉన్నదా?" అని. నిజంగా మానేసినవారిలో ఇంకో ఏడుగురు తిరిగి వచ్చారు. డిసెంబరు సమావేశానికి పెద్దలు నమ్మరేమోనని రైల్వే పెద్దాయనతోనే తలలు లెక్కపెట్టించాను. రెండుసార్లు లెక్కపెట్టి, ఇబ్బందిగా చెప్పాడు: "తొంభై తొమ్మిది."

అయ్యగారు చేతులు కట్టుకుని, నవ్వు ఆపుకుంటూ, "ఇంకొక్కటి తక్కువ. ఆ ఒక్కదాని కోసం ఏం చెయ్యాలెనో పాస్టరుకు మీరు చెప్తరా, నేనే చెప్పుకోవాల్నా?" అన్నారు. తొంభై తొమ్మిదింటిని విడిచి తప్పిపోయిన ఒక్క గొర్రెను వెతుక్కుంటూ పోయిన కాపరి కథ, బైబిల్లోది, తెలియనివాళ్లు ఆ గదిలో ఎవరూ లేరు. పెద్దాయన కూడా నవ్వేశాడు. పెద్ద చర్చి మాట మళ్లీ రాలేదు.

కానీ అవ్వ నన్ను అంత తేలిగ్గా వదల్లేదు. నేను ఫిబ్రవరిలోనే మళ్లీ వెళ్లి తప్పయిందన్నాను. "ఉత్త మాటేంది, నువ్వు లెక్కల మనిషివి గద, లెక్క తియ్యి" అంది. ఇద్దరం కూర్చుని తీశాం. ఆమె చెప్పులు సంచిలో పెట్టుకున్నప్పటి నుంచి నూట నాలుగు ఆదివారాలు. జ్వరంతో రానివి ఎనిమిది ఆమే తీసేయించింది, అబద్ధం వద్దని. ఆమె వచ్చినా నేను రాయనివి తొంభై ఆరు.

"అన్ని ఐతారాలు నా చెయ్యి వట్టుకొని మెట్లెక్కియ్యి. అప్పుడు సాఫ్" అంది.

అప్పటి నుంచి ఆదివారాలు గోడౌన్ నుంచి ముందుగా వస్తున్నాను. ఇరవై రెండు మెట్లకు మాకు పన్నెండు నిమిషాలు పడుతుంది. మధ్యలో పదకొండో మెట్టు మీద ఆగి, ఎవరి పిల్లకు సంబంధం కుదిరింది, ఎవరి కోడలు అలిగింది, అన్నీ చెబుతుంది. సంచి నేను పట్టుకుంటాను. పైకి చేరాక "రాసుకో" అంటుంది, నేను ఆమె ముందే గీత గీస్తాను. కాళ్లలో నీరు చేరాక కూతురు ఏ.ఎస్. రావు నగర్‌కు తీసుకుపోయింది. ఇప్పుడు నెలలో మొదటి ఆదివారం మాత్రం ఆటోలో వస్తుంది. లెక్క నెమ్మదించింది. ఈ జనవరి ఒకటిన అయ్యగారు కేలండరు వెనక సున్నం సంగతి చదువుతుంటే, స్తంభం ఇవతలికి జరిగి కూర్చున్న అవ్వ నా వైపు తిరిగి వేళ్లతో ఎన్ని అని అడిగింది. తీర్చినవి యాభై ఎనిమిది. ఇంకా ముప్పై ఎనిమిది.