రిబ్బను లేని నవల

మా మరదలు ఒక్క మధ్యాహ్నంలో కంటికి కనపడని అక్షరాలతో నవల రాసేసింది. నవలంటే మొత్తం కాదులెండి, మొదటి మూడు అధ్యాయాలు. అక్షరాలు కనపడనిది కూడా రాస్తున్న ఆవిడకే. మిగతాదంతా నిజం.

ఆవిడ పెద్ద ఆఫీసులో టైపిస్టు. తప్పు లేకుండా కొట్టడంలో ఆవిడకు సాటి లేరు. నవల దగ్గర ఆ గుణమే కొంప ముంచింది. ఒక్క మాట నచ్చకపోయినా కాగితం లాగి పారేసి మళ్ళీ మొదటికొచ్చేది. కథానాయిక మొదటి వాక్యంలో తలుపు తట్టింది. ఏడాది గడిచినా గుమ్మం దాటలేదు. పాపం, కాళ్ళు వాచిపోయి ఉంటాయి.

ఇంతలో వారపత్రికవాళ్ళు ఆవిడ ఫొటో వేసి, సీరియల్ వస్తోందని ప్రకటించేశారు. ఆ ఆదివారం సాయంత్రం ప్రెస్సు మనిషి వచ్చి మూడు అధ్యాయాలు పట్టుకెళ్ళాలి. ఇవ్వలేకపోతే ఆ చోటు వేరొకరికి ఇస్తామనీ, ఇక జన్మలో నవల అడగబోమనీ సంపాదకుడు తేల్చి చెప్పాడు. మధ్యాహ్నానికి టైపు మిషను మీద ఉన్నది ఒక్క పేజీ. చెత్తబుట్ట నిండా దాని అక్కచెల్లెళ్ళు.

సరిగ్గా అప్పుడే మిషనులో సిరా రిబ్బను పుటుక్కున తెగింది. వీధిలో కొట్లన్నీ మూసి ఉన్నాయి.

"అయిపోయింది బావా," అంది.

"పోనీ, జ్వరమని చెబుదామే," అంది మా ఆవిడ.

"ఫొటోలో పళ్ళికిలించాను కదక్కా! జ్వరమంటే ఎవరు నమ్ముతారు?"

"మా కాన్వెంటులో సిస్టరు చెప్పేది," అందుకున్నాను నేను. "పాపం చేశాక ఒప్పుకోవచ్చుగానీ, చేస్తూ చేస్తూ లెక్కపెట్టుకోకూడదమ్మాయ్!"

"ఏ సిస్టరూ అలా చెప్పదు. బావా, మీరు కాసేపు నోరు మూసుకుంటే మీ కాళ్ళకి దణ్ణం పెడతాను," అంటూనే ఆగి, కార్బను పేపర్ల పెట్టె కేసి చూసింది.

రిబ్బను లేకపోయినా, పై కాగితం మీద పడిన దెబ్బకి కార్బను కింది కాగితం మీద అక్షరం దించుతుంది. కాకపోతే ఏం కొట్టారో కొట్టినవాళ్ళకి కనపడదు.

గబగబా రెండేసి కాగితాల మధ్య ఒక్కో కార్బను దోపి దొంతర పేర్చుకుంది. మిషను మోగడం మొదలైంది. చదువుకోవడానికీ దిద్దుకోవడానికీ ఎదుట ఏమీ లేదు. ముందుకు పోవడమే. "అక్కా, దీని మొగుడికి ఏం పేరు పెట్టను?" అని అరిచి, జవాబు వినకుండానే 'వీడు' అని కొట్టుకుంటూ పోయింది. పెళ్ళి సంగతి పక్కన పెట్టి మొగుడూ పెళ్ళాల పోట్లాట ముందు రాసేసింది. అయిన పేజీని విప్పి చూడకుండా బోర్లా పడేసేది. చూస్తే చెయ్యి ఆగిపోతుందని భయం.

పొద్దువాలేసరికి ప్రెస్సు మనిషి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మా మరదలు మొదటి జత విప్పింది. కింది కాగితం తెల్లగా ఉంది. రెండోది విప్పింది. అదీ తెలుపే.

"కార్బన్లు తిరగేసి పెట్టాను," అంది. ఉద్యోగంలో చేరిన రోజున కూడా చెయ్యని తప్పు అది. మా ఆవిడ గోడకి చేరబడిపోయింది.

పై కాగితం వెనక, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి అక్షరాలు. ప్రెస్సు మనిషి ఆ పల్చటి కాగితాన్ని లాక్కుని, లేచి కిటికీ వెలుతురుకి అడ్డంగా పట్టాడు. ముందువైపు నుంచి అక్షరాలు తిన్నగా కనపడ్డాయి కాబోలు, చదవసాగాడు. మొదటిది పక్కన పెట్టి, రెండోదానికి చెయ్యి చాపాడు. తర్వాత మూడోదానికి.

"మొగుడికి పేరు లేదేంటమ్మా?"

"ఇటివ్వండి, అన్నీ తప్పులే, మళ్ళీ కొట్టి ఇస్తాను," అంటూ ఆవిడ కాగితం పట్టుకుంది. అతను వదల్లేదు. కాసేపు చెరో అంచూ పట్టుకుని ఉన్నారు.

"తప్పులు మావాళ్ళు చూసుకుంటారు. పోట్లాటయ్యాక ఏమైందో చెప్పండి."

"నాకూ తెలీదు."

"అయితే రాయండి," అని కట్ట చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సీరియల్ ఆగకుండా నడిచింది. ఇప్పటికీ చిత్తుప్రతి మొదలెట్టే ముందు ఆవిడ రిబ్బను తీసి పక్కన పెడుతుంది.

ఇదంతా రాసి మా మరదలికి చదివి వినిపించాను.

"అబద్ధం," అంది. "రిబ్బనూ తెగలేదు, ఎవడూ వచ్చి కిటికీ దగ్గర నిలబడనూ లేదు. నేను కార్బను తిరగేసి పెట్టడమేంటి బావా? మా ఆఫీసులో ఎవర్నైనా అడగండి!"