ఎర్ర అక్షరాల కవరు

మా పిన్ని స్కూలు యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో పద్దెనిమిదేళ్ళుగా టైలరు. ఆవిడకు ఫిట్స్ ఉన్నాయని ఇంట్లో మాకూ, డాక్టరుకూ, మందుల షాపాయనకూ తప్ప ఎవరికీ తెలియదనే అనుకునేవాళ్ళం. మందులు మానకుండా వేసుకోవడంతో ఆరేళ్ళుగా ఒక్కసారీ రాలేదు.

మందుల షాపాయనకు క్రమశిక్షణ ఎక్కువ. ఒకరి మందులు ఇంకొకరికి వెళ్ళకూడదని ప్రతి కవరు మీదా ఎర్ర స్కెచ్ పెన్నుతో జబ్బు పేరూ, కింద మనిషి గుర్తూ రాసి కౌంటరు మీద వరసగా నిలబెడతాడు. "పైల్స్ – బ్యాంకు మేనేజరు." "ఫిట్స్ – టైలరమ్మ." వీధి ఆరోగ్యం తెలుసుకోవాలంటే గుమ్మంలో నిలబడి చదువుకుంటే చాలు.

దగ్గు మందు కోసం వెళ్ళిన కార్ఖానా సూపర్‌వైజరుకు చదువు వచ్చు. మర్నాడే పిన్నిని మిషన్ మీద నుంచి లేపి, గుండీలు ఏరే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. "నీ మంచికేనమ్మా" అన్నాడట. పిన్ని ఇంటికొచ్చి ఏడ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇద్దరం షాపుకు వెళ్ళాం.

"నా జబ్బు అందరికీ కనబడేలా ఎందుకు పెట్టారండీ?" అంది పిన్ని.

"అందరూ అంటే ఎవరమ్మా, మనవాళ్ళేగా!" అన్నాడు ఎంతో ఆప్యాయంగా.

నేను కవరు చింపబోతే పిన్ని చెయ్యి పట్టుకుని ఆపింది. దాన్ని ఫొటో తీసింది. ఏ రోజు, ఎవరు చదివారు, దానివల్ల తనకేం పోయింది, అన్నీ కాగితం మీద పెట్టింది. ఒక ప్రతి షాపాయనకిచ్చి అందినట్టు సంతకం పెట్టించుకుంది. ఇంకోటి షాపులకు లైసెన్సు ఇచ్చే ఆఫీసుకు పంపింది. మిషన్ కుట్టవచ్చని డాక్టరు చేత రాయించుకొచ్చి సూపర్‌వైజరు ముందు పెట్టింది.

పదిహేను రోజులకు మిషన్ తిరిగొచ్చింది. ఇప్పుడు కత్తెర చేజారినా వరసంతా కుట్టు ఆపి ఆవిడ వంక చూస్తోందట. దీని మీద ఏ ఆఫీసుకు రాయాలో మాకు తెలియలేదు.

లైసెన్సు ఆఫీసు మనిషి వచ్చి వెళ్ళాక షాపాయన బుద్ధిమంతుడయ్యాడు. కవర్ల మీద ఇప్పుడు అంకెలే. క్షమాపణ కూడా రాసి ఇమ్మన్నారట. రాశాడు, షాపు అద్దం తలుపు మీద, అదే ఎర్ర పెన్నుతో:

"ఫిట్స్ ఉన్న టైలరమ్మగారికి మా క్షమాపణలు. ఇకపై మీ జబ్బు సంగతి ఎవరికీ తెలియనివ్వం."

పిన్ని మొత్తం చదివి, సంచీలోంచి ఫోన్ తీసింది.

"కాస్త పక్కకు జరగవే, నీ నీడ పడుతోంది" అంది.