పీటక్క ఎత్తు

ల్యాబులో ఆ యంత్రం పిడుల్ని మగవాళ్ల ఎత్తుకి బిగించారు. అందుకని వాటిని తిప్పే ఆవిడ ఇంటినుంచి చెక్కపీట తెచ్చుకుని, ఏళ్ల తరబడి దానిమీదే నిలబడి పనిచేసింది. అందరూ "పీటక్కా" అని పిలిచినా, భుజం లాగినా కిక్కురుమనలేదు.

ఆవిడ పనిచేసేది హాట్‌సెల్ దగ్గర. రేడియేషన్ చిమ్మే పదార్థాలు మందపాటి గోడకి అవతల ఉంటాయి. పసుపు అద్దంలోంచి చూస్తూ ఇవతల పిడులు తిప్పితే, లోపల ఇనుప చేతులు కదులుతాయి. ముట్టుకోని సీసా బరువు తన మణికట్టుకి ఎలా తెలుస్తోందా అని ఆవిడకి ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఓరోజు భుజం పట్టేసి, లోపల సీసా పక్కకి ఒరిగిపోయింది.

"మీకు ఆఫీసులో పని చూస్తానమ్మా. దీనికి మీ ఎత్తు చాలదు," అన్నాడు సూపర్‌వైజరు.

ఆవిడ అడిగింది: "ఇది బిగించేటప్పుడు ఎవర్ని నిలబెట్టి కొలిచారండీ?"

పక్కనున్న మెకానిక్కు నవ్వాడు. "నన్నే అక్కా. తాటిచెట్టులా ఉన్నాను కదా."

"మరి కిందకి దించలేవా?"

"ఎందుకు దించలేనూ? ఇన్నాళ్లూ అడిగినవాళ్లేరీ?"

మరలు వదులుచేసి జానెడు దించాడు. ఆవిడ నేలమీద నిలబడే సీసాని లేపి నిలబెట్టింది. ఆఫీసు పని మాట మళ్లీ రాలేదు.

మీ పనిచోటా ఎవరో మునివేళ్లమీద నిలబడే ఉంటారు. వాళ్లు అడిగేదాకా ఆగకండి. రేపే వెళ్లి చూడండి, పిడుల్ని దింపించండి.