అత్తయ్యగారి యేసుబాబు

మొన్న ఆదివారం మా అమ్మాయితో అల్వాల్ మీదుగా ఆటోలో వస్తున్నాను. ఏదో చర్చి అప్పుడే వదిలినట్టుంది, తెల్లచీరల ఆడవాళ్ళు గుంపుగా రోడ్డు దాటుతుంటే ఆటో ఆగింది. మా అమ్మాయి ఫోన్‌లోంచి తలెత్తి, "అమ్మా, నానమ్మ హిందువా, క్రిస్టియనా?" అంది. కాలేజీలో ఎవరో అడిగారట. "ఇంటికెళ్ళాక చెబుతాలే," అన్నాను. ఆటో కదిలింది. ఇలాంటి ప్రశ్నే ఒకసారి మా ఇంట్లో అన్నం ముందు కూర్చుని అడిగారు. అడిగినవారు ఆ అన్నం తినలేదు, మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు.

నేను కోడలిగా వచ్చేనాటికి ఊరంతా సాఫ్ట్‌వేర్ జపమే. మా ఆయన ఆఫీసు క్యాబ్ ఎక్కి మాదాపూర్ పోతే మళ్ళీ ఎప్పుడొచ్చేదీ ఆయనకే తెలిసేది కాదు. ఇంట్లో నేనూ, అత్తయ్యగారూ, మామయ్యగారూ. మామయ్యగారిది విజయనగరం వైపు పల్లె. ఏ.ఎస్. రావు నగర్ దగ్గరి ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరకగానే భార్యను తీసుకొచ్చి అల్వాల్‌లో స్థిరపడ్డారు, అక్కడే రిటైరయ్యారు. ఉదయం స్నానం చేసి ఆయన పూజగదిలోకి వెళ్తే, ఆయనకి పూలు కోసిచ్చి అత్తయ్యగారు పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చునేవారు. అది ఆవిడ ప్రార్థన చోటు. కళ్ళు మూసుకుని దేవుణ్ణి వాళ్ళ ఊరి పెద్దమనిషిని పిలిచినట్టు "యేసుబాబూ" అని పిలిచేవారు. ఆ ప్రార్థనలో ఇంటి సంగతులన్నీ దొర్లేవి. గ్యాస్ అయిపోవచ్చిందనీ, కొత్త కోడలు పులుసులో నీళ్ళెక్కువ పోస్తోందనీ, చెబితే చిన్నబుచ్చుకుంటుందేమో కనక ఆ బాబే ఎలాగో చెప్పాలనీ. వంటింటి కిటికీలోంచి నాకు వినబడేలాగే చెప్పేవారు. మామయ్యగారు దేనికీ అడ్డు చెప్పలేదు. పెట్టిన షరతు ఒక్కటే. "ప్రార్థన చేసుకో. నీళ్ళలో మాత్రం మునగకు." అందుకని ఆవిడ బాప్తిస్మం తీసుకోలేదు.

నేను వచ్చిన ఏడాదే వెనక ప్రహరీ అవతలి ఖాళీ జాగాలో అపార్ట్‌మెంట్లు మొదలుపెట్టారు. అక్కడ నేలంతా బండ. పునాదుల కోసం మధ్యాహ్నం పూట బండలు పేల్చేవారు. ముందు ఒకడు ఎర్రజెండా పట్టుకుని ఈల ఊదుకుంటూ సందు చివరిదాకా వచ్చేవాడు. ఈల ఆగాక కాసేపు ఏ చప్పుడూ ఉండేది కాదు. కాకులు కూడా అరిచేవి కావు. నాకు పేలుడు కంటే ఆ కాసేపంటేనే భయంగా ఉండేది. తర్వాత నేల అడుగునుంచి ఒక్క దెబ్బ. అటక మీద ఇత్తడి గిన్నెలు ఒకదానికొకటి తగిలేవి, పూజగదిలో దీపం వణికేది. హాలు గోడకి పడిన బీట రోజురోజుకీ కిందికి దిగేది. ఈల వినగానే వీధంతా లోపలికి పరుగెత్తితే అత్తయ్యగారు పెరట్లోకి వెళ్ళి, ప్రహరీ గోడకి అరచెయ్యి ఆనించి నిలబడేవారు. దెబ్బ పడ్డాక వచ్చి అన్నం వడ్డించేవారు. మామయ్యగారు సరిగ్గా ఆ వేళకే పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవారు. అది తలకిందులుగా ఉన్న రోజులు కూడా నేను చూశాను.

ఈ సంగతేమిటో చివరికి ఎదురింటావిడ చెప్పింది. తరతరాలుగా అక్కడివాళ్ళే, క్రైస్తవులు. అత్తయ్యగారిని ఆదివారాలు తనతో పాటు ప్రార్థనకి తీసుకువెళ్ళేది ఆవిడే. "నీకు ఎవ్వలు చెప్పలేదా బిడ్డా?" అంది గొంతు తగ్గించి. "ఆ జాగల అప్పట్ల చిన్నపిల్లలను బొందపెడుతుండె. మీ అత్తమ్మ పెద్దబిడ్డ సుత ఆడ్నే ఉన్నది."

మా ఆయన కంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టిందనీ, మాటలు వచ్చీరాని వయసులో జ్వరంతో పోయిందనీ నాకు అప్పుడే తెలిసింది. "నేనే సంపిన, నేనే సంపిన అనుకుంట తిరిగేది. ఏండ్ల సంది నిద్ర లేకుండె. ఒకనాడు మా ప్రార్థనకొచ్చి మస్తు ఏడ్చి ఆడ్నే చాప మీద పండుకున్నది. పొద్దుగూకేదాంక లేవలే. దేవుడు మాఫ్ చేసిండని ఆమెకు గట్ల తెలిసింది."

ఇది విన్నాక ఈల వేసినప్పుడల్లా నేను పొయ్యి కట్టేసి పెరటి తలుపు దగ్గరికి వెళ్ళేదాన్ని. తవ్వకంలో ఏదో బయటపడిందనీ, మేస్త్రీ కొబ్బరికాయ కొట్టించి మళ్ళీ మట్టి పోయించాడనీ వీధిలో గుసగుసలు పుట్టాయి. ఆ మాట అత్తయ్యగారి చెవిన పడకుండా చూడాలనుకున్నాం. కానీ ఆవిడకి ముందే తెలుసు. ఆ తర్వాతే కాళ్ళు వాచాయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. గుండె బాగా బలహీనపడిందనీ, ఆపరేషన్‌కి తట్టుకోదనీ డాక్టరు మామయ్యగారితో చెప్పి, ఎందుకో నా వైపు చూశాడు.

కబురు తెలిసి ఊరినుంచి పెదమామయ్యగారు వచ్చారు. మామయ్యగారికి అన్నగారు, ఆ కుటుంబంలో ఆయన మాటకి ఎదురు లేదు. విస్తరి ముందు కూర్చుని, అన్నం కలపకుండా తమ్ముడితో అన్నారు. "రేపు ఏటైనా అయితే ఈవిణ్ణి ఎవరు మొయ్యాలి? మేమా, ఆ చర్చీవోళ్ళా? ఇప్పుడే తేల్చీ. వ్రతం చేయించి పీటల మీద కూచుంటే సరి. లేదంటే మాలో ఒక్కడు కూడా రాడు."

చర్చి సంగతి ఎదురింటావిడ ముందే కనుక్కుంది. బాప్తిస్మం లేని మనిషికి తమ సమాధుల తోటలో చోటివ్వడానికి సంఘపెద్దలు ఒప్పుకోరట. అంటే ఆవిడకి అటూ లేదు, ఇటూ లేదు. మామయ్యగారు తల వంచుకున్నారు. అప్పుడే బయట ఈల మోగింది. అత్తయ్యగారు లేవబోయి, లేవలేక గోడకి ఆనుకున్నారు. దెబ్బ పడింది. పైకప్పులోంచి సున్నం రాలి పెదమామయ్యగారి విస్తట్లో పడింది.

"నువ్వే చెప్పు," అన్నారాయన ఆవిడతో. "నువ్వెవరివి?"

అత్తయ్యగారు ఊపిరి కూడదీసుకుంటూ నెమ్మదిగా చెప్పారు. "మీ తమ్ముడి పెళ్ళాన్ని బావగారూ. ఓ కొడుక్కి తల్లిని. పిల్లని చేజేతులా పోగొట్టుకున్నదాన్ని. ఇన్నేళ్ళూ ఈ చివరిదే నా పేరనుకున్నాను. ఆ బాబు ఆ పేరు తీసీసి కూతురా అని పిలిచేడు. మీరేటడిగినా ఇస్తాను గానీ, ఆ పిలుపు మాత్రం తిరిగి ఇవ్వలేను."

పెదమామయ్యగారు చెయ్యి కడుక్కున్నారు. గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "పోయిందని కబురు కూడా పెట్టకు," అని తమ్ముడితో చెప్పి వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరమూ తినలేదు. నేను వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే హాల్లోంచి మామయ్యగారి గొంతు వినబడింది. చాలాకాలంగా వాడని తలుపు తీసినట్టుంది ఆ గొంతు. "జ్వరంతో ఉన్న పిల్లని వదిలేసి స్కూటర్ మీద డ్యూటీకి పోయింది నేను. సాయంత్రం ఆస్పత్రికి తీసుకెళ్దాంలే అన్నది నేను. నువ్వు కాదు." తర్వాత ఆయన అడిగారు. "నన్ను కూడా క్షమించేశాడా, మీ బాబు?"

ఆవిడ నవ్వడం వినబడింది. నవ్వు మధ్యలో దగ్గొచ్చింది. "మీకు మిగల్చకుండా అంతా నేనొక్కదాన్నే వాడీసేననుకున్నారేటి? ఆ దయ తరిగేది కాదండీ. ఎంతమంది తోడుకున్నా నిండే ఉంటాది." తర్వాత మామయ్యగారి ఏడుపు వినబడింది. నేను కుళాయి తిప్పి, నీళ్ళు ధారగా వదిలి నిలబడ్డాను.

ఆ వారంలోనే ఆయనే స్వయంగా పాస్టరుగారి దగ్గరికి వెళ్ళారు. చర్చి వెనక సిమెంటు తొట్టిలో బాప్తిస్మం ఇచ్చారు. అత్తయ్యగారు సొంతంగా దిగే స్థితిలో లేరు. ఇస్త్రీ చొక్కా, నుదుట విభూతితో మామయ్యగారు కూడా నడుముల్లోతు నీళ్ళలో దిగి పట్టుకున్నారు. పాస్టరుగారు ఆశగా చూశారు. "నేను మునగడానికి రాలేదండీ, పట్టుకోడానికొచ్చేను," అన్నారాయన. అత్తయ్యగారు నీళ్ళలోంచి లేచేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. ఎదురింటావిడ గబగబా దుప్పటి కప్పింది. కానీ అత్తయ్యగారి ముఖం మాత్రం నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. మంచి నిద్ర పోయి లేచిన పసిపిల్ల ముఖం.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం పోయారు. ఊరినుంచి ఎవరూ రాలేదు. మా ఆయన, ఆయన ఆఫీసు స్నేహితులు, ఎదురింటివాళ్ళు మోశారు. తడిమట్టిలో కాళ్ళు జారుతుంటే మామయ్యగారు పెట్టె అంచు పట్టుకుని పక్కన నడిచారు. తర్వాత ఆయన చాలా ఏళ్ళు బతికారు. పూజ మానలేదు, చర్చిలో చేరలేదు. అన్నగారితో మాట కలవకుండానే పోయారు, ఆ గాయం అలాగే ఉండిపోయింది. కానీ పోయిన కూతురి పేరు మాత్రం రోజూ పలికేవారు, మా అమ్మాయికి కథలు చెబుతూ, వాళ్ళ అత్త ఉండేదని.

అన్నిటినీ కాలమే మాన్పుతుందంటారు. ఆ ఇంట్లో కాలం అన్నేళ్ళూ ఇద్దరి మధ్యా చేతులు ముడుచుకుని కూర్చుంది. ఒక మధ్యాహ్నం కృప వచ్చి చేసివెళ్ళిన పనికి మాత్రం, ఇప్పుడు ఆ కాలమే తీరిగ్గా సాక్ష్యం చెబుతోంది.