ముట్టుకోకూడని అక్షరాలు

ఒకటో తరగతి పిల్లలు వాళ్లంతట వాళ్లే చదువుకోవాలని గది మూలల్లో అక్షరాల డబ్బాలు, బొమ్మల పుస్తకాలు నేనే పెట్టాను. పాడవుతాయని, తనిఖీ రోజున తప్ప ఎవరినీ ముట్టనివ్వలేదు. తనిఖీ ముగిసిన సాయంత్రం ఒక డబ్బాను భద్రంగా ఇంటికి తీసుకుపోతుంటే, ఫిల్మ్‌నగర్ బస్సులో పక్క సీటామె దాన్ని చూసి భగ్గుమంది.

“గివి మా పిల్ల బడిల గూడ ఉన్నయి సారూ. ముట్టుకుంటే చేతి మీద కొట్టిండంట వాళ్ల సారు! నేను షూటింగులల్ల సామాను సర్దుత. గాడ పుస్తకాలు ఉత్త అట్టలే, చూసేటందుకే. బడి గూడ సెట్టింగేనా?”

ఏ బడి అని అడిగాను. మా బడే. ఆ సారును నేనేనని చెప్పలేక తర్వాతి స్టాపులోనే దిగిపోయాను. పిరికివాణ్ణి.

మర్నాడు డబ్బాలన్నీ తెరిచిపెట్టి, ఆమె కూతురెవరో పోల్చుకుందామని చూశాను. పిల్లలందరూ చేతులు వెనక్కి పెట్టుకునే నిలబడ్డారు.